ఇంజన్ ఆపే ముందు ఒక నిమిషం

మా బావ పోయాడన్న కబురు అందరికీ నేనే చెప్పాను. ఆసుపత్రి వరండాలో నిలబడి ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేస్తూ అందరితోనూ ఒకటే మాట అన్నాను. "గుండెపోటు. బండి ఆపగానే లోపలికి తీసుకెళ్ళిపోయాం. అయినా దక్కలేదు." పోర్టులో ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళకి అదే చెప్పాను. గాజువాకలో కాపురం ఉంటున్న మా మేనకోడలికి అదే చెప్పాను. ఆ పూట ఆ కూతురింటికే వెళ్ళిన మా అక్కకి ఫోన్ ఇమ్మని, ఆవిడకీ అదే చెప్పాను. అందులో ఒక అబద్ధం ఉంది. బండి ఆపగానే మేం లోపలికి వెళ్ళలేదు. ఇంజన్ ఆడుతుండగా బండిలో ఒక నిమిషం కూర్చున్నాం.

ఆ నిమిషం సంగతి మా అక్కకి ఎలా చెప్పాలా అని నలభై రోజులు నలిగిపోయాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి రాయాలంటారు. రాస్తాను. ఆయన గురించి చెడు రాయాలన్నా నా దగ్గర సరుకు లేదు. కానీ మా బావ మంచితనం గురించి రాయాలంటే ఆ నిమిషం గురించి రాయాలి, అది రాస్తే నా గురించి రాయక తప్పదు. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మా బావకి ఒక చిన్న డీజిల్ ఎస్‌యూవీ ఉండేది. ఉండేది అని రాశాను గానీ బండి ఉంది, ఆయనే లేడు. పన్నెండేళ్ళ కిందట కొన్నాడు. తెల్ల రంగు. ఆ మోడల్ కంపెనీవాళ్ళు ఎప్పుడో మానేశారు. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది, ఆ తిరుగుడంతా పెందుర్తిలో ఇంటి నుంచి పోర్టుకి, పోర్టు నుంచి ఇంటికి, ఏడాదికి ఒకట్రెండు సార్లు గోదావరి జిల్లాలో వాళ్ళ ఊరికి. వాళ్ళ నాన్న పోర్టులో ఖలాసీ పని దొరికి ఈ ఊరొచ్చాడు. బావ అదే పోర్టులో క్రేన్ నడిపి నిరుడు రిటైరయ్యాడు. ముప్పై అయిదేళ్ళు మా మధ్య బతికినా ఆయన నోట్లోంచి గోదావరి "ఎహె" పోలేదు. మాది ఈ ఊరే. నేను ద్వారకా నగర్లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్తాను. క్లాసులో పుస్తకం భాష మాట్లాడతాను. అక్క కనపడితే మాత్రం మా యాసలోని నాను, ఏటి అన్నీ బయటికొచ్చేస్తాయి.

బండి చేతికొచ్చిన రోజు నేనూ పక్కనే ఉన్నాను. షోరూం మనిషి తాళాలిస్తూ పది విషయాలు గడగడా అప్పజెప్పాడు. అందులో ఒకటి: "సార్, ఇది టర్బో బండి. ఆపే ముందు ఒక నిమిషం ఇంజన్ని అలాగే ఆడనివ్వండి, తర్వాత ఆపండి." మిగతా తొమ్మిదీ మా బావ ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటాడు. ఇది మాత్రం పట్టుకున్నాడు. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను, నా బతుకుదెరువు అదే కాబట్టి. టర్బో అనేది ఇంజన్ పొగతో గిర్రున తిరిగే చిన్న చక్రం. బాగా పరిగెత్తిన బండిని ఠక్కున ఆపేస్తే అది వేడి మీద ఉండగానే దానికి ఆయిల్ అందడం ఆగిపోతుంది, లోపల మాడుతుంది. ఒక నిమిషం ఆడిస్తే చల్లబడుతుంది. అంతే సంగతి.

పన్నెండేళ్ళలో ఆ నిమిషం ఆయన ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. ఇంటి ముందు ఆపినా, కూరగాయల బజార్లో ఆపినా, పెళ్ళి మండపం దగ్గర ఆపినా అంతే. హ్యాండ్ బ్రేక్ లాగేవాడు. ఎడమ చెయ్యి ఎత్తి చేతి గడియారంలో సెకన్ల ముల్లు చూసేవాడు. అది ఒక చుట్టు తిరిగేదాకా ఎవరూ తలుపు తియ్యకూడదు. తీస్తే "ఉండెహె!" అని ఒక్క కసురు. మా అక్క ఒళ్ళో పాల ప్యాకెట్లు పెట్టుకుని కూచునేది. ఒకసారి మనవరాలు "తాతా, ఒంటేలు" అని ఏడ్చింది. "నలభై సెకన్లు అయిపోయాయమ్మా, ఇంకో ఇరవై" అన్నాడు. ఆ పిల్ల ఇరవై దాకా ఆగలేదు. సీటు కవరు తనే విప్పి ఉతుక్కున్నాడు, కిక్కురుమనలేదు.

ఎదురింటాయన రోజూ ఏడిపించేవాడు. "ఏటి బావా, డీజిలు ఊరికే పోత్తన్నారేటి నీకు?" మా బావ నవ్వి ఊరుకునేవాడు. నాకే ఒళ్ళు మండేది. ఆపడమే కాదు, స్టార్ట్ చెయ్యడమూ అంతే. తాళం సగం తిప్పి, డాష్ బోర్డు మీద స్ప్రింగు బొమ్మలా పసుపు లైటు వెలిగి ఆరేదాకా చూసి, అప్పుడు పూర్తిగా తిప్పేవాడు. "చలికాలం కాదు గదా బావా" అంటే, "వెలిగిందా లేదా? వెలిగితే ఆరేదాకా ఆగాలి. ఆరకముందే తిప్పేవాడికి అది వెలగడం ఎందుకురా?" అనేవాడు. ఆ మనిషితో వాదించడం కంటే గోడకి పాఠం చెప్పుకోవడం నయం.

నెమ్మది మీద నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, మా ఇళ్ళల్లో ముఖ్యమైన మాటలన్నీ ఆ నిమిషంలోనే బయటపడేవి. ఎందుకంటే ఎవరూ లేచి వెళ్ళిపోలేరు. మొహాలు చూసుకోనక్కర్లేదు, అందరూ ముందుకే చూస్తుంటారు. టీవీ ఉండదు. డీజిల్ ఇంజన్ టకటకా కొట్టుకుంటుంటే మాటలు ఆ చప్పుడు చాటున వచ్చేసేవి. నాకు పాత కాలేజీలో ఉద్యోగం ఊడిందని మొదట చెప్పింది ఆ సీట్లోనే. బావ ముల్లు మీంచి కళ్ళు తియ్యకుండా "సరే, ఇంట్లో పద, అన్నం తిని మాట్లాడదాం" అన్నాడు. అంతకంటే ఎవరైనా ఏమంటారు? కానీ ఆ రోజు నాకు అది చాలా పెద్ద మాట.

మేనకోడలు క్రిస్టియన్ల అబ్బాయిని చేసుకుంటానని చెప్పింది కూడా అలాగే. చర్చిలో పాటలు పాడే కుటుంబం, మంచివాళ్ళు. వెనక సీట్లోంచి గబగబా చెప్పేసింది. మా అక్క నోట్లో కొంగు కుక్కుకుంది. నేను బావ మెడ మీద నరం ఎలా కొట్టుకుంటుందో చూస్తూ కూర్చున్నాను. ముల్లు ఒక చుట్టు తిరిగింది. రెండు తిరిగింది. ఆయన ఇంజన్ ఆపలేదు. పదకొండు నిమిషాలు! లెక్కపెట్టాను. ఆఖరికి తాళం తిప్పి, "కుర్రాడికి డ్రైవింగొచ్చా?" అన్నాడు. వచ్చని చెప్పింది. "అయితే ఆదివారం రమ్మను. నా బండి నడపనివ్వను గానీ, పక్కన కూర్చోబెట్టుకుంటా" అన్నాడు. పెళ్ళయ్యాక అల్లుడు కూడా ఆ నిమిషం నేర్చుకున్నాడు.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఆ పెద్ద తుపాను ఊరిని ఊడ్చిపారేసిన వారం అమ్మ పోయింది. ఊళ్ళో ఆసుపత్రిలో పోయింది. రోడ్ల మీద ఎక్కడికక్కడ చెట్లు, స్తంభాలు. అంబులెన్సు అడిగితే డీజిల్ లేదన్నారు. మా బావ బండిలో మాత్రం ఎప్పుడూ సగం ట్యాంకుకి తగ్గనివ్వడు. వచ్చాడు. వెనక సీటు మడిచి, పరుపు పరిచి, అమ్మని ఎత్తుకుని పడుకోబెట్టాడు. అక్క ఆ పక్కనే ముడుచుకుని అమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. పెందుర్తి చేరడానికి మూడు గంటలు పట్టింది. ఇంటి ముందు అప్పటికే నలుగురూ పోగయ్యారు. బండి ఆగింది. బావ హ్యాండ్ బ్రేక్ లాగి గడియారం ఎత్తాడు.

నాకు పిచ్చెక్కిపోయింది. "బావా, వెనకాల అమ్మ శవం ఉంటే నీకు టర్బో గొడవేంటి? మనిషివేనా?" అని గొంతు చించుకున్నాను. ఆయన కోపగించుకోలేదు. అద్దంలోంచి వెనక్కి చూస్తూ అన్నాడు. "దింపితే ఇంక మీ చేతుల్లో ఉండదురా. స్నానమంటారు, పాడె అంటారు, తలోవైపు లాక్కుపోతారు. నీకూ మీ అక్కకీ అమ్మ మళ్ళీ దొరకదు. ఈ నిమిషం మీది. చెప్పాల్సిందేదో చెప్పుకోండి." నేను వెనక్కి తిరిగి మా అమ్మకి ఒక మాట చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. అది చెప్పకుండా ఆవిడని దింపేసి ఉంటే ఈ వయసుకి నేనొక మనిషిగా మిగిలి ఉండేవాడిని కాదు. ఆ రోజు నుంచి బావ నిమిషాన్ని నేను వెక్కిరించడం మానేశాను.

బండి మీద ఆయనకున్నది మోజు కాదు. రోజూ పొద్దున్నే బకెట్టూ గుడ్డా పట్టుకుని తుడిచేవాడు. పోర్టులో నిలబెట్టే బండికి బొగ్గు దుమ్ము తప్పదు. తెల్ల బండి సాయంత్రానికి మసి పట్టేది. రిటైరయ్యాక కూడా ఆ నలుపు పోలేదు, తలుపు సందుల్లో, సీటు కుట్లలో ఉండిపోయింది. బండి అడుగున సముద్రపు గాలికి తుప్పు. ప్రతి వానాకాలం ముందు కింద పడుకుని తనే రంగు వేసేవాడు. క్లచ్ రెండుసార్లు మార్పించాడు. "కొత్తది కొనొచ్చు గదా" అంటే, "దీనికి నా కాలు తెలుసురా. కొత్తదానికి మళ్ళీ మొదట్నించీ చెప్పుకోవాలి" అనేవాడు. తాళం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నాకు లైసెన్సు ఉంది, పన్నెండేళ్ళలో ఒక్కసారి ఇవ్వలేదు.

బావ పోయిన రోజు శనివారం. సెలవు. పొద్దున్న పదిన్నరకి ఊరికే వాళ్ళింటికి వెళ్ళాను, మా ఇల్లు పక్క వీధే. బావ గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బకెట్టు, బండి సగమే తుడిచి ఉంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఏంటి బావా, ఇలా ఉన్నావు?"

"గేస్ రా. పొద్దున్న మీ అక్క చేసెళ్ళిన పెసరట్లు నాలుగు తిన్నాను. ఇక్కడ మంటగా ఉంది." అరచెయ్యి రొమ్ము మధ్యలో పెట్టి చూపించాడు. ఎడమ చెయ్యి కూడా లాగుతోందని రెండు నిమిషాల తర్వాత చెప్పాడు.

అంబులెన్సుకి ఫోన్ చేస్తానన్నాను. "గేసుకి అంబులెన్సేంట్రా, కాలనీ అంతా బయటికొస్తుంది" అన్నాడు. పోనీ ఆటో అన్నాను. పోనీ నేను నడుపుతానన్నాను. "క్లచ్ మొన్ననే మార్పించాను. నీకు తెలీదు" అని లేచి లోపలికెళ్ళి, చొక్కా మార్చుకుని, గడియారం పెట్టుకుని, తాళం తీసుకుని వచ్చాడు. తాళం లాక్కోవాల్సింది. చెయ్యి పట్టుకుని లాక్కోవాల్సింది, అంతే. నాకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు, నా పెళ్ళి చేసినవాడు, మా అమ్మని ఎత్తుకొచ్చినవాడు. ఆయన చేతిలోంచి ఏదైనా లాక్కోవడం నాకు అలవాటు లేదు.

పసుపు లైటు ఆరేదాకా ఆగాడు. వేపగుంట దాటాం, గోపాలపట్నం దాటాం. దారిలో రెండు ఆసుపత్రులు కనపడ్డాయి, ఇక్కడ ఆగుదామన్నాను. "సీతమ్మధారలో మనకి తెలిసిన డాక్టరున్నాడు గదా" అన్నాడు. ఎన్‌ఏడీ ఫ్లైఓవరు మీద గేరు మార్చేటప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది, మళ్ళీ మార్చాడు. ఒక్క హారన్ కొట్టలేదు. ట్రాఫిక్కులో ముప్పై, నలభై మించలేదు మా వేగం. ఆ వేగానికి టర్బో వేడెక్కదు. ఆ సంగతి నాకు తెలుసు. పిల్లలకి పాఠం చెప్పేవాడికి తెలియదా?

ఆసుపత్రి చేరాం. వాచ్‌మన్ గుమ్మం ముందుకి రమ్మని చెయ్యి ఊపాడు. మా బావ అక్కడికి వెళ్ళలేదు. "అక్కడ నిమిషం ఆగితే వెనకున్నవాళ్ళకి ఇబ్బంది" అని పార్కింగులోకి తిప్పి, రివర్సులో, రెండు గీతల మధ్యన తిన్నగా పెట్టాడు. హ్యాండ్ బ్రేక్ లాగాడు. ఎడమ చెయ్యి ఎత్తాడు. ఈసారి కుడిచేత్తో దాన్ని పట్టుకుని ఎత్తాల్సి వచ్చింది.

"బావా, ఆపెయ్. పద."

"నిమిషం ఉండెహె."

ఉన్నాను. రెండోసారి అనలేదు. పన్నెండేళ్ళుగా ఉన్నట్టే ఉన్నాను. ఆ లోపు నా ఫోన్ మోగింది, తీసి చూశాను. ఆ నిమిషం గురించి ఇక్కడికి ఇంతే రాయగలను. మిగిలింది అక్కకి చెప్పిన చోట రాస్తాను.

ఇంజన్ ఆపాక తాళం తీసి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గరుంచు. లోపల బట్టలు మార్పించి ఎక్కడో పడేస్తారు." తలుపు మెల్లిగా వేశాడు. ఎనిమిది అడుగులు నడిచాడు. తొమ్మిదో అడుగు నాకు కనపడలేదు, ఆయన కింద ఉన్నాడు. ఆసుపత్రివాళ్ళు పరిగెత్తుకొచ్చారు, స్ట్రెచర్ తెచ్చారు, లోపల ఎంత చెయ్యాలో అంతా చేశారు. అరగంట తర్వాత డాక్టరు బయటికొచ్చి నా భుజం మీద చెయ్యేసి, "కొంచెం ముందు తీసుకురావాల్సిందండి" అన్నాడు. కొంచెం అంటే ఎంతండీ అని నేను అడగలేదు. గంటా? పది నిమిషాలా? ఒక నిమిషమా? ఆయన ఏదో అలవాటు కొద్దీ అన్న మాట అయ్యుండొచ్చు. నేను మాత్రం ఆ కొంచెం పట్టుకుని వేలాడుతున్నాను.

పదకొండో రోజు అయ్యాక గోపాలపట్నంలో బావ బండి చూసే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. వేరే పనేం లేదు. జవాబు నాకు తెలిసినా, సిటీలో తిరిగే బండికి ఆ నిమిషం అవసరమా అని అడిగాను. ఆ ముసలాయన చేతులు తుడుచుకుంటూ నా మొహం చూశాడు. "అక్కర్నేదు సారూ. ఘాటెక్కి దిగినప్పుడో, హైవేలో తోలినప్పుడో కావాలి గానీ. నాను పదేళ్ళ కిందటే సెప్పినాను ఆరికి. తెల్సులేవో, అన్నారు." అయితే ఎందుకు చేసేవాడని అడిగాను. "ఏటో సారూ. బాగుంటాదిలే, అలవాటైపోనాది, అనీవోరు."

బావకి తెలుసన్నమాట. తెలిసి చేశాడు. ఇంటి ముందు ఆ నిమిషం మా కోసం అని నాకు అర్థమైంది, అమ్మ పోయిన రోజే అర్థమైంది. మరి ఆసుపత్రి ముందు ఎవరి కోసం? భయపడ్డాడా? లోపలికి వెళ్ళే ముందు ఒక్క నిమిషం తన బండిలో, తన సీట్లో ఉందామనుకున్నాడా? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు అన్నం సయించదు.

అక్క నన్ను ఒక్కసారే అడిగింది, మూడో రోజున. ఇంటి నిండా జనం. నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళి, "ఆసుపత్రికాడ ఆపగానే దిగిపోనారా?" అంది. "ఆఁ అక్కా, ఆపగానే" అన్నాను. ఆవిడ తలాడించి, పొయ్యి మీద పాలు దింపింది. మళ్ళీ అడగలేదు. నాకు అదే శిక్ష అయింది. తిట్టి ఉంటే బాగుండేది, నిలదీసి ఉంటే బాగుండేది.

నలభయ్యో రోజు దాటాక అక్క గాజువాక వెళ్తానంది. బస్సులో వెళ్తానంది. "బండుంది గదక్కా, నాను తీసుకెల్తాను" అన్నాను. ఆసుపత్రి నుంచి అల్లుడు బండి తెచ్చి ఇంటి ముందు పెట్టిన రోజు నుంచీ బావ ఇచ్చిన తాళం నా బల్ల సొరుగులోనే ఉంది. ఆయన సీట్లో కూర్చుంటే కాళ్ళు అందలేదు, సీటు ముందుకి జరపాల్సి వచ్చింది. జరుపుతుంటే పాపం చేస్తున్నట్టనిపించింది. క్లచ్ నాకు నిజంగానే తెలియలేదు, వేపగుంట దగ్గర రెండుసార్లు ఆగిపోయింది. అక్క ఆ రోజు నేను కూర్చున్న ఎడమ సీట్లో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం దీపాల వేళకి తిరిగొచ్చాం. వాళ్ళింటి ముందు ఆపాను. హ్యాండ్ బ్రేక్ లాగాను. నా చెయ్యి తాళం మీదకి వెళ్ళలేదు. అక్క కూడా తలుపు మీద చెయ్యి వెయ్యలేదు. ఇంజన్ టకటకా కొట్టుకుంటోంది. ఇద్దరం ఎదురుగా గేటుని చూస్తున్నాం. అప్పుడు చెప్పేశాను.

"అక్కా, నీకు అబద్ధం సెప్పాను. ఆ రోజు ఆపగానే దిగలేదు. నిమిషం కూకున్నాం. బావ ఉండమన్నాడు, నాను ఉండిపోనాను."

అక్క ఇటు తిరగలేదు. "నాకు తెల్సురా" అంది.

"ఎవరు సెప్పారు?"

"ఎవరు సెప్పాలి? అన్నేళ్ళు కాపురం చేసినాను. ఆపగానే దిగీ మనిషా ఆయన? నువ్వు ఆపగానే అన్నప్పుడే అనుకున్నాను, ఈడు దాత్తన్నాడని."

నలభై రోజుల బరువు ఒక్కసారి దిగినట్టయింది. ఏడుపొచ్చేసింది. ఆవిడ నన్ను ఏడవనిచ్చింది. తర్వాత మెల్లిగా, ఏదో పిల్లాడి బడి గురించి అడిగినట్టు అడిగింది.

"ఆ నిమిషంలో ఏటి మాట్లాడుకున్నారు?"

అంతే. నాకు దిగిన బరువంతా మళ్ళీ ఎక్కి కూర్చుంది. ఆవిడ నలభై రోజులు దాచుకున్నది ఈ ప్రశ్న. ఆయన నిమిషాన్ని ఆవిడ ఎప్పుడో క్షమించేసింది. ఆ నిమిషంలో ఆఖరి మాట ఏదో ఉండి ఉంటుందని, అది నా దగ్గర ఉందని, నేను ఇవ్వగలిగినప్పుడు ఇస్తానని కాచుకుని ఉంది. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. మీ అక్కని చూసుకో అన్నాడని చెప్తే నమ్మేది. ఒకటికి రెండు అబద్ధాలు ఆ సీట్లో కూర్చుని చెప్పలేకపోయాను.

"కోచింగ్ సెంటరోళ్ళు మెసేజ్ పెట్టారక్కా. పరీక్ష కాగితంలో పదిహేడో ప్రశ్నకి జవాబు తప్పుపడిందని. నాను దానికి జవాబు కొడతన్నాను. బావ ఒరేయ్ అన్నాడు. తలెత్తలేదు. ఊఁ అన్నాను."

"ఊఁ అంటే ఏటన్నారు?"

"ఏం లేదులే, అన్నాడు."

ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది. ఎదురింటాయన గేటు తీసుకుని బయటికొచ్చి, మమ్మల్ని చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

"మరి ఏటని నువ్వడగలేదా?"

"లేదక్కా."

నిమిషం ఎప్పుడో దాటిపోయింది. "ఇంక ఆపీరా" అంది. నా చెయ్యి లేవలేదు. అక్క నా మీదుగా వంగి, తడుముకుని, పన్నెండేళ్ళలో ఎప్పుడూ ముట్టుకోని ఆ తాళాన్ని తనే తిప్పింది. బండి ఒకసారి కుదుపిచ్చి ఆగిపోయింది. అక్క దిగింది. గేటు తీసుకుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వెయ్యలేదు.

ఎడమవైపు తలుపు బార్లా తెరిచే ఉంది. బండి లోపల లైటు వెలుగుతూ, ఆ రోజు నేను కూర్చున్న సీటు మీద పడుతోంది. ఇంజన్ చల్లారుతూ ఎక్కడో లోపల టిక్కు టిక్కుమంటోంది. బావ కూర్చునే చోట కూర్చుని నేను ఆ ఖాళీ సీటుని చూస్తూ, "ఏంటి బావా, ఏదో చెప్పబోయావు?" అని అడిగాను.